మానిటర్ కొనేటప్పుడు నిలువు చూడండి: తెలుగులో పనిచేసేవాళ్ళ కోసం ఒక ప్రసంగం

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే.

ఇక్కడికొచ్చినవాళ్ళలో ఎక్కువమంది పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా స్క్రీన్ మీద తెలుగు అక్షరాలే చూసేవాళ్ళు. డీటీపీ వాళ్ళున్నారు, ప్రూఫులు దిద్దేవాళ్ళున్నారు, పత్రికల డెస్కుల్లో చేసేవాళ్ళు, వికీపీడియాలో రాసేవాళ్ళు, సబ్‌టైటిల్స్ చేసే పిల్లలు కూడా ఉన్నారు. మానిటర్ల గురించి మాట్లాడమని అడగ్గానే ఒప్పుకున్నాను, ఎందుకంటే ఈ విషయం మీద మాట్లాడేవాళ్ళు అయితే గేములాడేవాళ్ళకి చెబుతారు, లేదంటే వీడియో ఎడిటింగ్ వాళ్ళకి చెబుతారు. రోజంతా తెలుగు చదివే మనిషికి ఎలాంటి మానిటర్ కావాలో చెప్పేవాళ్ళు చాలా తక్కువ. అదే ఇవాళ చెబుతాను.

వైడ్‌స్క్రీన్ మానిటర్ స్పెసిఫికేషన్స్ కాగితం తీసుకుంటే అందులో ముప్ఫై నలభై లైన్లుంటాయి. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేసేవి మూడు: సైజు ఎన్ని అంగుళాలు, రిఫ్రెష్ రేటు, అంటే సెకనుకి బొమ్మని ఎన్నిసార్లు కొత్తగా గీస్తుందో, అది ఎన్ని హెర్ట్జ్, రెస్పాన్స్ టైమ్, అంటే చుక్క రంగు మారడానికి పట్టే సమయం, ఎన్ని మిల్లీసెకన్లు. మన పనికి ఈ మూడింటితో ఒరిగేది తక్కువ. నిలువులో ఎన్ని పిక్సెల్స్, అంటే బొమ్మని కట్టే చుక్కలు, ఉన్నాయి, ఒక్కో పిక్సెల్ ఎంత సైజుంది, ఈ రెండే మన కళ్ళ సంగతి తేలుస్తాయి. ఆ రెండూ కాగితంలో ఎక్కడో కింద, చిన్న అక్షరాల్లో ఉంటాయి. నా మాటల్లో సగం ఆ రెండింటి గురించే.

ముందు సైజు సంగతి. 24 అంగుళాల మానిటర్ అంటారు, ఆ 24 ఏమిటి? ఒక మూల నుంచి ఎదురు మూలకి కొలిచిన పొడవు. స్థలం అమ్మేవాడు పొడవు వెడల్పు చెప్పకుండా ఈశాన్యం నుంచి నైరుతికి ఇన్ని అడుగులండీ అంటే మనం కొంటామా? గజాలెన్ని అని అడుగుతాం. మానిటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం మూల కొలతతోనే సరిపెట్టేసుకుంటాం. దీనివల్ల వచ్చే నష్టం చూడండి. స్క్రీన్ ఎంత అడ్డంగా సాగితే, అదే మూల కొలతకి దాని విస్తీర్ణం అంత తగ్గుతుంది. మూల కొలత 24 అంగుళాలే అయినా పాత 4:3 ఆకారంలో, అంటే అడ్డం నాలుగు పాళ్ళు నిలువు మూడు పాళ్ళు, 276 చదరపు అంగుళాలొస్తాయి, 16:10లో 259, ఇప్పుడు అందరూ అమ్మే 16:9లో 246. పైగా ఇప్పుడు బజారులో 24 అని చెప్పేవి చాలావరకు నిజానికి 23.8. నిజాయితీగా పెట్టె మీద 60.45 సెంటీమీటర్లు అని రాసే ఉంటుంది, మనమే చదవం.

ఈ 16:9 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలిసి ఉంటే మంచిది. 1980ల్లో అమెరికాలో కెర్న్స్ పవర్స్ అనే ఇంజనీరు టీవీ కోసం దీన్ని ప్రతిపాదించాడు. అప్పటికి వాడుకలో ఉన్న రకరకాల సినిమా ఫ్రేములన్నింటినీ ఒకే విస్తీర్ణంతో గీసి ఒకదాని మీద ఒకటి పెడితే, అన్నీ ఇమిడే చట్రం సుమారు 1.77 నిష్పత్తిలో వచ్చింది. అంటే సినిమా బొమ్మని టీవీలో చూపించడానికి పుట్టిన కొలత ఇది. చదవడం, రాయడం ఆ లెక్కలో లేవు. కంప్యూటర్ మానిటర్లు మొదట్లో వెడల్పు స్క్రీన్‌కి మారినప్పుడు 16:10కే మారాయి, రెండు పేజీలు పక్కపక్కన పెట్టుకుని పైన మెనూ ఉంచుకోవడానికి బాగుండేది. 2008 నుంచి రెండు మూడేళ్ళలో దాదాపు అందరూ 16:9కి వెళ్ళిపోయారు. టీవీ ప్యానెళ్ళూ మానిటర్ ప్యానెళ్ళూ ఒకే ఆకారమైతే ఫ్యాక్టరీలో పెద్ద గాజు పలక నుంచి ఎక్కువ ముక్కలు కోసుకోవచ్చు, వృథా తగ్గుతుంది, ధర తగ్గుతుంది. ధర తగ్గడం మనకీ మంచిదే, కాదనను. కానీ ఆ మార్పులో పోయింది నిలువు.

మన ఊళ్ళ డీటీపీ సెంటర్లలో ఇది ఎలా జరిగిందో గుర్తు చేసుకోండి. 17 అంగుళాల చదరంగా ఉండే ఎల్‌సీడీలుండేవి, 1280 అడ్డం, 1024 నిలువు. అవి పాడైపోతే వాటి స్థానంలో 18.5 అంగుళాల వైడ్‌స్క్రీన్లు వచ్చాయి, 1366 అడ్డం, 768 నిలువు. సైజు పెరిగింది, పేరు కొత్తది, స్క్రీన్ ఎల్‌ఈడీ. నిలువులో మాత్రం 256 పిక్సెల్స్ పోయాయి. పాత దాని ఎత్తు 27 సెంటీమీటర్లు, కొత్తదానిది 23. పేజీ మొత్తం ఒకేసారి కనపడేది కాస్తా, కిందికీ మీదికీ జరుపుకుంటూ చూడాల్సి వచ్చింది. ఇప్పటికీ కొన్ని చోట్ల ఆ 768 మీదే పుస్తకాలు తయారవుతున్నాయి, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి మెడా కళ్ళూ రోజూ కట్టే మూల్యం అది.

ఇప్పుడు రెండు మానిటర్లని పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి డెల్ యూ2412ఎం, 2011లో వచ్చింది, పాతదే, కంపెనీలు మార్చేసినవి సెకండ్ హ్యాండ్‌లో కనపడుతుంటాయి కాబట్టి దాన్ని ఎంచుకున్నాను. 1920 అడ్డం, 1200 నిలువు, 16:10. స్క్రీన్ అడ్డం 51.8 సెంటీమీటర్లు, ఎత్తు 32.4. రెండోది ఇవాళ బజారులో దొరికే ఏ 23.8 అంగుళాల ఫుల్ హెచ్‌డీ అయినా సరే, 1920 అడ్డం, 1080 నిలువు. అడ్డం 52.7 సెంటీమీటర్లు, ఎత్తు 29.6. అడ్డం తేడా సెంటీమీటరు కూడా లేదు. నిలువులో దాదాపు మూడు సెంటీమీటర్లు, 120 పిక్సెల్స్ తేడా.

120 పిక్సెల్స్ అంటే ఎంత? ఇక్కడే తెలుగు సంగతి వస్తుంది. ఇంగ్లీషు అక్షరానికి పైన కొంచెం, కింద కొంచెం తోక ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మనకి పైన గుడులూ ఏత్వాలూ ఓత్వాలూ, కింద వత్తులు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. 16 పిక్సెల్స్ అక్షరానికి ఇంగ్లీషులో 24 పిక్సెల్స్ వరుస పెడితే హాయిగా చదవొచ్చు, తెలుగులో నేను 30 దాకా పెట్టుకుంటాను, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. కింద టాస్క్‌బార్, పైన బ్రౌజర్ ట్యాబులు, అడ్రస్ బార్, ఇవన్నీ కలిపి ఓ 130 పిక్సెల్స్ పోతాయనుకుందాం. 1080లో మిగిలింది 950, అంటే 31 వరుసలు. 1200లో 35. అదే 27 అంగుళాల 1440 నిలువు మానిటరైతే 43. ప్రూఫ్ చూసేవాళ్ళకి ఒక పేరా మొదలూ చివరా ఒకేసారి కంటిముందు ఉండటమంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

రెండో సంగతి, పిక్సెల్ సైజు. కాగితంలో పిక్సెల్ పిచ్ అని ఉంటుంది, మిల్లీమీటర్లలో. 23.8 ఫుల్ హెచ్‌డీలో 0.275 మిల్లీమీటర్లు. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో 0.311. 27లోనే 2560 బై 1440 తీసుకుంటే 0.233. 27లో 4కే, అంటే 3840 బై 2160 అయితే 0.155. దీన్నే తిరగేసి అంగుళానికి ఎన్ని పిక్సెల్స్ అని కూడా చెబుతారు, అదే వరుసలో 93, 82, 109, 163. చూశారా, 24 నుంచి 27కి వెళ్ళి రిజల్యూషన్, అంటే మొత్తం పిక్సెల్స్ లెక్క, ఫుల్ హెచ్‌డీలోనే ఉంచితే అక్షరం పెద్దదవుతుంది కానీ ఒక్క పిక్సెల్ కూడా అదనంగా రాదు. పెద్ద సైజు, తక్కువ ధర అని షాపుల్లో ఇదే ఎక్కువగా చూపిస్తారు. సినిమాలు చూసుకోవడానికి బాగానే ఉంటుంది. తెలుగు చదవడానికి వద్దు.

ఎందుకు వద్దంటున్నానో దగ్గరగా చూపిస్తాను. ఈ ప్రొజెక్టర్ మీద ఉన్నది 'స్త్రీ' అన్న అక్షరం, 16 పిక్సెల్స్ సైజులో రాసి పదింతలు పెద్దది చేశాను. పైన స, దాని నెత్తిన దీర్ఘం, కింద తవత్తు, పక్కన రవత్తు. ఇన్నీ ఆ కాస్త చోటులో సర్దుకోవాలి. తవత్తుకి దక్కింది నాలుగైదు పిక్సెల్స్ ఎత్తు, అందులో వంపు ఎక్కడ తిరుగుతుంది? బూడిద రంగు చుక్కలుగా మారి ఊరుకుంది. మనం దాన్ని చదవడం లేదు, అలవాటు మీద ఊహించుకుంటున్నాం. ఊహించుకుని చదవడం మామూలు పాఠకుడికి చెల్లుతుంది. ప్రూఫ్ రీడర్‌కి చెల్లదు. ఇప్పుడు పక్కన చూడండి, 'బాద' అని ఒకటి, 'బాధ' అని ఒకటి. ద కింద చిన్న గీత ఉంటే ధ. ప కింద గీత ఉంటే ఫ. డ, ఢ కూడా అంతే. ఈ సైజులో ఆ గీత ఒక్క పిక్సెల్, అదీ పూర్తి నలుపు కాదు. ఎనిమిది గంటలు పనిచేశాక సాయంత్రం ఆరింటికి ఆ ఒక్క బూడిద పిక్సెల్ ఉందో లేదో చెప్పమంటే ఎవరికైనా కష్టమే. పుస్తకం అచ్చయ్యాక తప్పు దొరికితే దిద్దినవాళ్ళని అంటారు, వాళ్ళ ముందు పెట్టిన స్క్రీన్‌ని ఎవరూ అనరు.

దీనికొక లెక్క ఉంది. మామూలు చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణాన్ని విడదీసి చూడగలదని కంటివైద్యుల కొలత. 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే అది సుమారు 0.175 మిల్లీమీటర్లు. మన 23.8 ఫుల్ హెచ్‌డీ పిక్సెల్ 0.275, అంటే కన్ను దాన్ని మెట్టుమెట్టుగా చూడగలుగుతుంది. 27లో 4కే పిక్సెల్ 0.155, ఆ హద్దుకి లోపలే ఉంది, మెట్లు కనపడవు. అందుకే 4కే మానిటర్ మీద తెలుగు మొదటిసారి చూసినవాళ్ళు అచ్చు పుస్తకంలా ఉందే అంటారు.

4కే అంటే అక్షరాలు చీమల్లా అయిపోతాయి కదా అని చాలామంది అడుగుతారు. స్కేలింగ్, అంటే అక్షరాలనీ మెనూలనీ పెద్దవి చేసి చూపించే సెట్టింగ్, 100 శాతంలో ఉంచితే అవుతాయి. విండోస్‌లో 150 శాతం పెట్టుకోండి. అప్పుడు చోటు 2560 బై 1440 అంత, అక్షరం సైజూ ఆ మానిటర్‌లో ఉన్నంతే, కానీ అదే అక్షరాన్ని గీయడానికి రెండున్నర రెట్లకి కాస్త తక్కువ, లెక్కగా 2.25 రెట్లు పిక్సెల్స్ దొరుకుతాయి. తవత్తు వంపు తిరుగుతుంది. ధ గీత నల్లగా కనపడుతుంది. ఒక ఇబ్బంది మాత్రం ఉంది, పాత సాఫ్ట్‌వేర్లు, ముఖ్యంగా మన డీటీపీలో ఇంకా నడుస్తున్న పాత పేజీ మేకప్ ప్రోగ్రాములు స్కేలింగ్‌ని అర్థం చేసుకోవు, మెనూలు చిన్నగా వస్తాయి లేదా మొత్తం మసకబారుతుంది. వాటి మీదే బతికేవాళ్ళు 4కే జోలికి పోకుండా 27లో 1440 తీసుకోవడం మేలు, అక్కడ స్కేలింగ్ లేకుండానే పని జరుగుతుంది.

ఇక వెడల్పు మరీ ఎక్కువుండే ఆల్ట్రావైడ్లు, 21:9 అంటారు. వీటిలో మోసపోవడం చాలా తేలిక, కాబట్టి జాగ్రత్తగా వినండి. 29 అంగుళాల ఆల్ట్రావైడ్, 2560 బై 1080. 29 అనగానే 24 కంటే పెద్దదే అనుకుంటాం కదా. దాని ఎత్తు 28.6 సెంటీమీటర్లు. ఇందాక చెప్పిన 23.8 మానిటర్ ఎత్తు 29.6. అంటే 29 అంగుళాలది 24 కంటే పొట్టిది! 34 అంగుళాల ఆల్ట్రావైడ్, 3440 బై 1440 తీసుకుంటే ఎత్తు సుమారు 33 సెంటీమీటర్ల పైన, దాదాపు 27 అంగుళాల మామూలు మానిటర్ అంత. అడ్డం మాత్రం 80 సెంటీమీటర్ల దాకా. ఇది మంచి వస్తువు. ఒక పక్క మూల ప్రతి స్కాన్, మధ్యలో టైప్ చేసిన పాఠం, ఇంకో పక్క నిఘంటువు తెరుచుకుని కూర్చోవచ్చు, సబ్‌టైటిల్స్ చేసేవాళ్ళకి టైమ్‌లైన్ పొడుగ్గా పరుచుకుంటుంది. 34లోనే 2560 బై 1080 కూడా అమ్ముతారు, ధర చాలా తక్కువుంటుంది, కానీ అంగుళానికి 82 పిక్సెల్సే. అది మనకొద్దు.

పెద్దవాటి ధరలో పన్ను సంగతి కూడా ఉంది. 2019 జనవరి నుంచి 32 అంగుళాల వరకు మానిటర్ల మీద జీఎస్టీ 18 శాతం, అది దాటితే 28 శాతం ఉండేది. 34 కొనాలనుకున్నవాళ్ళు ఆ పది శాతం దగ్గర ఆగిపోయేవాళ్ళు. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్దవి కూడా 18 శాతంలోకి వచ్చాయి. కాబట్టి పాత ధరలు మనసులో పెట్టుకుని వదిలేసినవాళ్ళు ఇంకోసారి అడిగి చూడండి.

ఒంపు గురించి, 1800ఆర్, 1500ఆర్ అని రాస్తారు, అది ఒంపు వ్యాసార్ధం మిల్లీమీటర్లలో. అంకె తగ్గేకొద్దీ ఒంపు ఎక్కువ. 34 అంగుళాల దానికి కొంచెం ఒంపు ఉంటే చివర్లు చూడటానికి సుఖంగానే ఉంటుంది. పేజీ లేఔట్ చేసేవాళ్ళకి, గీత తిన్నగా ఉందో లేదో కంటితో చూసేవాళ్ళకి మాత్రం చదునైనదే ఉండాలని నా అభిప్రాయం.

ప్యానెల్ రకం. టీఎన్, వీఏ, ఐపీఎస్ అని మూడు. ఎక్కువ ఆలోచించకండి, ఐపీఎస్ తీసుకోండి. 1996లో జపాన్‌లో హిటాచీ వాళ్ళు తెచ్చిన పద్ధతి, పక్క నుంచి చూసినా రంగు మారదు, పక్కన సబ్ ఎడిటర్ నిలబడి వేలు పెట్టి చూపిస్తున్నప్పుడు ఇద్దరికీ ఒకేలా కనపడుతుంది. వీఏలో నలుపు బాగా నల్లగా ఉంటుంది, కాంట్రాస్ట్, అంటే తెలుపుకీ నలుపుకీ వెలుగులో ఉండే తేడా, 3000:1 దాకా ఉంటుంది, ఐపీఎస్‌లో మామూలుగా 1000:1. చీకట్లో సినిమా చూసేవాళ్ళకి ఆ తేడా తెలుస్తుంది. ట్యూబ్‌లైట్ వెలుతురులో తెల్ల పేజీ మీద నల్ల అక్షరాలు చదివేవాళ్ళకి 1000 చాలు. డైనమిక్ కాంట్రాస్ట్ అని లక్షల్లో కోట్లలో అంకెలు వేస్తారు, ఇందాక చెప్పిన ఆ డెల్ మానిటర్‌కే మామూలు కాంట్రాస్ట్ 1000:1, డైనమిక్ 20 లక్షలు. వెనక దీపాన్ని సన్నం చేస్తూ, పెంచుతూ, వేర్వేరు సమయాల్లో కొలిచిన అంకె అది. ఒకే పేజీలో ఒకే క్షణంలో మీకు దొరికేది మొదటి అంకే.

రంగులు చూద్దాం. కోటీ 67 లక్షల రంగులు అని అన్నింటి మీదా ఉంటుంది. ఒక్కో రంగుకి 8 బిట్లు, 256 మెట్లు, మూడు రంగులు గుణిస్తే వచ్చే అంకె. కొన్ని ప్యానెళ్ళు నిజానికి 6 బిట్లవే, 64 మెట్లే, రెండు పక్క మెట్ల మధ్య వేగంగా అటూ ఇటూ మారుస్తూ మధ్య రంగుని భ్రమింపజేస్తాయి. అక్షరాల పనికి దీనివల్ల నష్టమేమీ లేదు. కవర్ పేజీలు చేసేవాళ్ళు మాత్రం ఎస్‌ఆర్‌జీబీ, అంటే కంప్యూటర్లకి ప్రమాణంగా పెట్టుకున్న రంగుల పరిధి, ఎంత శాతం అని అడగండి, 99 దగ్గర ఉండాలి. కొందరు పాత టీవీ రంగుల పరిధి లెక్కలో 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాస్తారు, కంగారు పడొద్దు, అది దాదాపు ఎస్‌ఆర్‌జీబీ అంత విస్తీర్ణమే. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే మాత్రం వదిలేయండి, అందులో కుంకుమ రంగు ఇటుక రంగులా కనపడుతుంది.

హెచ్‌డీఆర్ అని రాస్తారు, వెలుగు నీడల తేడాని ఎక్కువ చేసి చూపించే పద్ధతి అది. హెచ్‌డీఆర్10 సపోర్ట్ అని మాత్రమే ఉంటే ఆ సిగ్నల్ తీసుకుంటుందని మాత్రమే అర్థం. మన పనికి అక్కర్లేదు. 1 మిల్లీసెకను రెస్పాన్స్ టైమ్ కూడా అంతే, దాని మీద ఒక్క రూపాయి ఎక్కువ పెట్టొద్దు. రిఫ్రెష్ రేటు 75 కానీ 100 కానీ ఉంటే పేజీ జరిపేటప్పుడు అక్షరాలు కాస్త నిదానంగా, కుదురుగా కనపడతాయి, మంచిదే, ఇప్పుడు మామూలు ధర వాటిలోనూ వస్తోంది.

వెలుతురుని నిట్స్‌లో కొలుస్తారు, 250 నుంచి 300 ఉంటే మన గదులకి సరిపోతుంది. పూర్తిగా పెంచి పెట్టుకునేవాళ్ళు చాలామంది, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి చూడండి, స్క్రీన్ కాగితం కంటే మెరిసిపోతుంటే తగ్గించండి. తగ్గించినప్పుడు కొన్ని మానిటర్లు వెనక దీపాన్ని వేగంగా ఆర్పి వెలిగిస్తూ వెలుతురు తగ్గిస్తాయి, కొంతమందికి దానివల్ల తలనొప్పి వస్తుంది. షాపులోనే చూసుకోవచ్చు. వెలుతురు సగానికి తగ్గించి, తెల్ల పేజీ ముందు పెన్ను పట్టుకుని గబగబా ఊపండి. పెన్ను నీడ ఒకే మసక పొరలా సాగితే మంచిది, నాలుగైదు పెన్నులు విడివిడిగా కనపడితే ఆ మానిటర్ అలా ఆర్పి వెలిగిస్తోందని అర్థం. స్క్రీన్ పైపూత గరుకుగా, మెరవకుండా ఉండేది తీసుకోండి, లేకపోతే మీ వెనకున్న కిటికీ, పైన తిరిగే ఫ్యాను అందులోనే కనపడతాయి.

పోర్టుల విషయంలో ఒక సంగతి చెప్పాలి. నాకు తెలిసిన ఒక చిన్న పత్రికాఫీసులో ఎడిటర్‌గారు మంచి మనసుతో డెస్కు మొత్తానికి 4కే మానిటర్లు కొనిపెట్టారు. వారం తిరక్కుండా అందరూ పాత మానిటర్లే తెచ్చి పెట్టమన్నారు. నేను వెళ్ళి చూస్తే అక్షరాలు అద్దంలా ఉన్నాయి, కానీ మౌస్ కదిపితే బాణం ఆగి ఆగి గెంతుతోంది, టైప్ చేస్తే అక్షరం వేలి వెనకాల వస్తున్నట్టుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిస్తే 30 హెర్ట్జ్. కంప్యూటర్లు పాతవి, వాటి నుంచి మానిటర్‌కి బొమ్మ పంపే హెచ్‌డీఎంఐ పోర్టు 1.4 రకం. అందులో 4కే పంపితే సెకనుకి 30 సార్లే వెళ్తుంది. లెక్క చూడండి, 3840 ఇంటూ 2160, సెకనుకి 60 సార్లు, పిక్సెల్‌కి 24 బిట్లు, దాదాపు 12 గిగాబిట్లు. హెచ్‌డీఎంఐ 1.4లో బొమ్మకి దొరికేది 8 పైచిలుకు మాత్రమే. అదృష్టవశాత్తూ ఆ కంప్యూటర్లకి వెనక డిస్‌ప్లేపోర్ట్ ఉంది, 1.2 రకం, అందులో 17 గిగాబిట్లు పడతాయి. కేబుల్ మార్చాం, 60 వచ్చింది, ఆ మానిటర్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. అమ్మినవాళ్ళు కంప్యూటర్ ఏదని ఒక్క మాట అడిగి ఉంటే ఆ వారం ఇబ్బంది ఉండేది కాదు. మానిటర్ కాగితంతో పాటు మీ కంప్యూటర్ కాగితం కూడా చూడండి, కొత్త లాప్‌టాప్ ఉన్నవాళ్ళు యూఎస్‌బీ-సీలో 65 వాట్లు ఇచ్చే మానిటర్ దొరికితే ఒకే కేబుల్‌తో బొమ్మా ఛార్జింగూ రెండూ అయిపోతాయి.

స్టాండ్. ఎవరూ అడగని లైను ఇది. టిల్ట్ ఓన్లీ అని ఉంటే ముందుకీ వెనక్కీ వంగుతుంది అంతే, ఎత్తు మారదు. హైట్ అడ్జస్ట్‌మెంట్ ఎన్ని మిల్లీమీటర్లో చూడండి. స్క్రీన్ పై అంచు కంటి మట్టానికి కాస్త కిందగా ఉండాలి. నలభై అయిదు దాటి బైఫోకల్ అద్దాలు పెట్టుకున్నవాళ్ళు ఇంకా కిందికి దించుకోవాలి, లేకపోతే కింది అద్దంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తి కూర్చుంటారు, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. స్టాండ్ బాగాలేకపోయినా వెనక 100 బై 100 మిల్లీమీటర్ల వెసా రంధ్రాలు, అంటే స్టాండ్ బిగించే ప్రామాణిక రంధ్రాలు, ఉంటే విడిగా ఆర్మ్ కొని బిగించుకోవచ్చు. నిలువుగా తిప్పుకునే సౌకర్యం కూడా చాలామంది ఇష్టపడతారు, పత్రిక పేజీ మొత్తం కనపడుతుంది. ఒకటే చిక్కు, విండోస్ అక్షరాలని నునుపు చేసే పద్ధతి ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు అడ్డంగా పక్కపక్కన ఉన్నాయన్న లెక్క మీద నడుస్తుంది, స్క్రీన్ తిప్పితే ఆ చుక్కలు ఒకదాని కింద ఒకటి అవుతాయి, తక్కువ పిక్సెల్స్ ఉన్నవాటిలో అక్షరం అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. 4కేలో ఆ తేడా కంటికి ఆనదు.

ఇక ప్రశ్నలు అడగండి.

ఓఎల్‌ఈడీ, అంటే వెనక దీపం లేకుండా ఒక్కో చుక్కా తానే వెలిగే స్క్రీన్, ఎలా ఉంటుందంటున్నారు. నలుపు అద్భుతంగా ఉంటుంది. కానీ ఇప్పుడే చెప్పిన చిక్కు అక్కడా ఉంది. 2022 నుంచి వచ్చిన 34 అంగుళాల ఓఎల్‌ఈడీ ఆల్ట్రావైడ్లలో చాలావాటికి మూడు రంగుల చుక్కలు త్రికోణంగా అమర్చి ఉంటాయి, అక్షరాల అంచుల్లో పచ్చగా, గులాబీగా సన్నని చారలు కనపడతాయని వాడినవాళ్ళు చాలామంది చెప్పారు. పైగా టాస్క్‌బార్ లాంటివి రోజంతా ఒకేచోట ఉంటే మచ్చ పడే భయం. అక్షరాల పనికి నేను చెప్పను.

అమ్మా, మీరడిగింది మంచి ప్రశ్న, ఇంట్లో 43 అంగుళాల 4కే టీవీ ఉంది, దాన్నే వాడుకోవచ్చా అని. అంగుళానికి 102 పిక్సెల్స్, పరవాలేదు. టీవీ సెట్టింగ్స్‌లో ఆ హెచ్‌డీఎంఐకి పీసీ మోడ్ పెట్టండి, షార్ప్‌నెస్ తగ్గించండి. తర్వాత నల్లటి పేజీ మీద ఎర్ర అక్షరాలతో తెలుగు రాసి చూడండి. అక్షరాలు అలుక్కుపోయినట్టుంటే టీవీ రంగుల సమాచారాన్ని కుదించి తీసుకుంటోందని అర్థం, అప్పుడు పనికిరాదు. స్పష్టంగా ఉంటే వాడుకోండి, కానీ బాగా వెనక్కి జరిగి కూర్చోవాలి, తల తిప్పుకుంటూ చదవాల్సి వస్తే మాత్రం వద్దమ్మా.

బడ్జెట్ తక్కువ, ఏం కొనమంటారు అని బాబు అడుగుతున్నాడు. కొత్తదే కావాలంటే 23.8 ఐపీఎస్ ఫుల్ హెచ్‌డీ, ఎత్తు మారే స్టాండుతో. 27 ఫుల్ హెచ్‌డీ ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. సెకండ్ హ్యాండ్ పరవాలేదనుకుంటే సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ బజార్లలో 1920 బై 1200 ఉన్న ఆఫీసు మానిటర్లు అడుగు. ఆ యూ2412ఎంకి హెచ్‌డీఎంఐ ఉండదు, డిస్‌ప్లేపోర్ట్, డీవీఐ, వీజీఏ ఉంటాయి, నీ కంప్యూటర్‌కి ఏది ఉందో ముందే చూసుకో. వెళ్ళేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో మూడు పేజీలు వేసుకెళ్ళు. ఒకటి పూర్తి తెలుపు, ఒకటి పూర్తి నలుపు, చచ్చిన పిక్సెల్స్, అంచుల్లో పసుపు, మూలల్లో వెలుతురు కారడం అన్నీ అందులో తెలిసిపోతాయి. మూడోది నువ్వు రోజూ చేసే తెలుగు పేజీ, నీ ఫాంట్‌లో, నీ సైజులో. పావుగంట ఆన్‌లో ఉంచి, వేడెక్కాక చదివి చూడు. తొందర పెట్టే షాపైతే పక్క షాపుకి వెళ్ళు.